గోదావరి మొగల గుల్లలు: ముందు చోటు, ఆ తరవాతే పేరు

కాకినాడకు ఎదురుగా సముద్రంలో సన్నగా సాగిన హోప్ ఐలాండ్ మ్యాపులో చూస్తే ఉష్ణమండలపు దీవే. కానీ పగడపు దీవి కాదు. గౌతమి పాయ తెచ్చి పోసిన ఇసుకను ఒడ్డు వెంబడి ఉత్తరానికి సాగే ప్రవాహం పేర్చుకుంటూ పోగా, గత రెండు శతాబ్దాల్లో ఏర్పడిన ఇసుక తిన్నె అది. గుల్లలు ఏరి పేర్లు తెలుసుకోవాలనుకునేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఈ తేడానే. మార్కెట్లో దొరికే రంగుల పుస్తకాలు, ఫొటో తీస్తే పేరు చెప్పే ఫోన్ యాప్‌లు ఎక్కువగా పగడపు దిబ్బల జీవుల చుట్టూ తిరుగుతాయి. వాటిలో మెరిసే గవ్వలు, ముళ్ల శంఖాలు పేజీల కొద్దీ ఉంటాయి. డెల్టా ఒడ్డున కుప్పలుగా పడి ఉండే బురద గుల్లలకు మాత్రం ఒక మూల బొమ్మ దక్కితే గొప్ప.

ఇక్కడి నీళ్ల తీరు వేరు. జూలై నుంచి అక్టోబరు దాకా వరద దిగినప్పుడు మొగల దగ్గర సముద్రంలో ఉప్పు బాగా పడిపోతుంది, నీళ్లు ఎర్రబారతాయి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు కాలవలకు మళ్లిపోయే ఎండాకాలంలో ఉప్పు మళ్లీ పెరుగుతుంది. పగడాలు ఈ బురదనూ, ఈ ఊగిసలాటనూ తట్టుకోలేవు. పగడాలు లేని చోట వాటి మీద ఆధారపడే గుల్లలూ ఉండవు. అందుకే అంతర్వేదిలోనో ఓడలరేవులోనో దొరికినదానికి యాప్ ఏదో పగడపు దిబ్బల పేరు చెబితే, గుల్లను కాదు, యాప్‌ను అనుమానించాలి.

అసలు ఎక్కడిదది?

ఒడ్డున దొరికిన గుల్ల ఒడ్డునే బతికి ఉండాలని లేదు. డెల్టా తీరంలో దానికి కనీసం ఆరు పుట్టిళ్లున్నాయి. ఏ పుట్టింటిదో తేలితే పేరు సగం తేలినట్టే.

అలలు విరిగే ఇసుకలో బతికేవి మొదటి రకం. పేరుపాలెం, అంతర్వేది, ఓడలరేవు, హోప్ ఐలాండ్ బయటి ఒడ్డు అలాంటి చోట్లు. మేకు ముక్కలాంటి ముక్కోణపు డోనాక్స్, పల్చటి మాక్ట్రా, చొక్కా గుండీ అంత ఉండే అంబోనియం ఇక్కడివి. అంబోనియం వెస్టియారియం ఒక్కటే జాతి. అయినా దోసిట్లోకి తీసుకుంటే రెండు గుల్లలకు రంగు, చార కలవవు. గులాబీ, బూడిద, పసుపు, చారలవి, చుక్కలవి అన్నీ వేరువేరు జాతులనుకుని వేరువేరు డబ్బాల్లో వేయడం కొత్తవాళ్లు తరచు చేసే పని. రంగు వదిలేసి తిరగేసి చూడాలి. అడుగున నడిమధ్య నున్నగా మెరిసే గట్టి బిళ్ల ఉంటే అన్నీ ఒకటే.

హోప్ ఐలాండ్‌కీ ఒడ్డుకీ మధ్య ఉన్న కాకినాడ అఖాతం పూర్తిగా వేరే లోకం. కోరింగ, గాడేరు పాయలు తెచ్చే మెత్తటి బురద అడుగున పరుచుకుని ఉంటుంది, అలల జోరు తక్కువ. బ్లడ్ క్లామ్, పళ్లెంలా చదునైన ప్లాకునా ఈ బురదవి. మెరెట్రిక్స్ గుల్లలు బురదా ఇసుకా కలిసిన పాయల అంచుల్లో దొరుకుతాయి. దీవికి రెండు వైపులా గుల్లలు వేరుగా ఉండటానికి కారణం ఇదే. బయటి ఒడ్డున ఏరినవీ లోపలి ఒడ్డున ఏరినవీ ఒకే సంచిలో పోస్తే, పేరు పట్టుకోడానికి ఉన్న అతి పెద్ద ఆధారాన్ని చేతులారా పోగొట్టుకున్నట్టే.

మూడో పుట్టిల్లు మడ అడవి. కోరింగలో పాటు తీసినప్పుడు బురద మీద కనిపించే నల్లటి పొడవాటి శంకువు టెలిస్కోపియం. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పక్కలు తిన్నగా దిగుతాయి, చుట్ల మీద అడ్డంగా గాడులు తప్ప నిలువు పక్కటెముకలు (గుల్ల మీద లేచిన గట్లు) ఉండవు. నిలువు పక్కటెముకలు ఉంటే అది టెరెబ్రాలియా. సాధారణంగా మూడు సెంటీమీటర్ల చుట్టూ ఉండే సన్నటి గుల్ల మీద చుట్టుకు మూడేసి వరసల పూసలుంటే పిరెనెల్లా సింగులాటా. రొయ్యల చెరువులవాళ్లకు ఇది బాగా తెలుసు. చెరువు అడుగున లక్షల్లో పుట్టుకొచ్చి మేతకు పోటీ పడుతుంది. మడ చెట్ల కాండాలను పట్టుకుని ఉండే చిన్న గుండ్రటి నెరిటాలు కూడా ఈ కోవలోనివే.

నాలుగోది వల. కాకినాడ ఫిషింగ్ హార్బర్, ఉప్పాడ, భైరవపాలెం, అంతర్వేది పల్లిపాలెం లాంటి చోట్ల బోట్లు దిగాక వలలు దులుపుతారు. లోతు నీళ్ల మ్యూరెక్స్‌లు, బాబిలోనియాలు, కప్ప గుల్లలు ఆ ఇసుకలో పడతాయి. అక్కడ దొరికిన గుల్ల ఆ ఒడ్డుది అని రాసుకుంటే తప్పు. "వల నుంచి పడినది కావచ్చు" అని చీటీ మీద ఒక్క మాట రాస్తే చాలు.

ఐదోది నది. డెల్టా ఒడ్డున ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. వరి చేలల్లో, పంట కాలవల్లో ఉండే నత్త గుల్ల పైలా చచ్చాక లోపల గాలి పట్టి తేలుతుంది. కాలవ, డ్రైను, పాయ మీదుగా సముద్రంలోకి పోయి మళ్లీ ఒడ్డుకు కొట్టుకొస్తుంది. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దీన్ని సముద్రపు చంద్ర నత్త అనుకుంటారు. చేత్తో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. పైలా పల్చన, తేలిక, మీద పచ్చగోధుమ రంగు తోలు పొర. చంద్ర నత్త పింగాణీలా బరువుగా, నున్నగా ఉంటుంది, అడుగున నడిమధ్య ఉండే బొడ్డు గుంట పక్కన మందపాటి గట్టి పొర కడుతుంది. కాలవల్లోని మంచినీటి ఆల్చిప్ప లామెల్లిడెన్స్‌ది ఇంకా పెద్ద మోసం. లోపల ముత్యపు మెరుపు చూడగానే ముత్యపు చిప్ప దొరికిందని సంబరపడతారు. ముత్యపు చిప్పకు కీలు గీత, అంటే రెండు చిప్పలూ కలిసే అంచు, తిన్నగా ఉండి చెవిలాంటి కొన ఉంటుంది, లోపల ఒకే పెద్ద కండరపు మచ్చ (చిప్పను మూసే కండరం అంటుకున్న గుర్తు) ఉంటుంది. లామెల్లిడెన్స్ కోలగా ఉంటుంది, రెండు మచ్చలుంటాయి, ముక్కు దగ్గర, అంటే కీలు పైన ఉబ్బెత్తుగా ఉండే కొన దగ్గర, పై పొర కొరుక్కుపోయి తెల్లగా కనిపిస్తుంది.

ఆఖరిది పాత దిబ్బ. నది ఒండ్రు పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెడుతూ వచ్చింది కాబట్టి, కోనసీమలో ఒడ్డుకు చాలా దూరంలో కూడా పాత తీరపు ఇసుక దిబ్బలున్నాయి. చెరువు తవ్వితే గుల్లలు బయటపడటం వింతేమీ కాదు. ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డును కోస్తున్న చోట కూడా పాత గుల్లలు కొత్తవాటితో కలిసిపోతాయి. పాతవాటిని రంగును బట్టి పట్టుకోవచ్చు. సుద్దలా తెల్లబారి, గోటితో గీస్తే పొడి రాలితే చాలాకాలం ఎండా వానల్లో పడి ఉన్నట్టు. బూడిదా నలుపూ కలిసిన రంగైతే గాలి ఆడని బురదలో పూడి, అక్కడి గంధకపు సమ్మేళనాలు పట్టినట్టు. తుప్పు రంగైతే ఇనుము పట్టింది. ఇవేవీ ఆ జీవి సొంత రంగులు కావు. జాతి గుర్తుగా వీటిని రాసుకోకూడదు. రెండు చిప్పలూ కీలు దగ్గర ఇంకా అంటుకునే ఉన్న గుల్ల దొరికితే మాత్రం అది దగ్గర్లోనే, ఈమధ్యనే చచ్చినదని నమ్మవచ్చు.

వెల్లకిలా పెట్టి చూడాలి

రెండు చిప్పల గుల్లల పైభాగం అందంగా ఉంటుంది, కానీ పేరు లోపల ఉంటుంది. చిప్పను వెల్లకిలా పెట్టి, పది రెట్లు పెంచి చూపే చేతి లెన్సుతో కీలు దగ్గర మొదలుపెట్టాలి.

పొడవుగా, దాదాపు తిన్నటి గీత మీద చిన్న చిన్న పళ్లు దువ్వెన పళ్ల మాదిరి వరసగా ఉంటే ఆర్క్ కుటుంబం. దీనికి మినహాయింపు గురించి కంగారు పడనక్కర్లేదు. మన ఒడ్డున ఇది కనిపిస్తే ముప్పాతిక పని అయిపోయినట్టే. బ్లడ్ క్లామ్ టెగిల్లార్కా గ్రనోసా ఈ కుటుంబానిదే. మందపాటి, ఉబ్బిన చిప్ప మీద ముక్కు నుంచి అంచు దాకా పక్కటెముకలు దిగుతాయి, వాటి మీద కణుపులుంటాయి. పక్కటెముకలను లెక్కపెట్టాలి. 15 నుంచి 20 లోపు ఉండి కణుపులు స్పష్టంగా ఉంటే గ్రనోసా. ఇరవై దాటి ఇంకా పోతుంటే దాని దాయాదుల్లో ఒకటి. లెక్కపెట్టేటప్పుడు జనం తప్పేది వెనక అంచు దగ్గర. అక్కడ పక్కటెముకలు సన్నబడి అరిగిపోతాయి కాబట్టి రెండు మూడు వదిలేస్తారు. బయట అరిగినా లోపలి అంచు మీద నొక్కులు మిగులుతాయి. అక్కడ లెక్కపెడితే అంకె సరిగ్గా వస్తుంది. ఈ జీవి రక్తంలో హీమోగ్లోబిన్ ఉంటుంది, మాంసం ఎర్రగా ఉండటానికీ ఆ పేరు రావడానికీ కారణం అదే.

కీలు నడుమ ముక్కోణపు గుంట, దాని పక్కన తలకిందులైన వి ఆకారపు పల్లు ఉంటే మాక్ట్రా. ఆ గుంటలోనే రెండు చిప్పలను తెరిచే రబ్బరులాంటి కట్టు కూర్చుంటుంది. అలాంటి గుంట లేకుండా మూడు గట్టి పళ్లు ముక్కు కింద విచ్చుకుని ఉంటే వీనస్ కుటుంబం, నున్నగా పాలిష్ చేసినట్టుంటే అందులో మెరెట్రిక్స్. మెరెట్రిక్స్ బయటి రంగు లేత గోధుమ నుంచి ముదురు ఊదా దాకా మారుతుంది. నీళ్ల తీరును బట్టి ఒకే జాతి ఆకారం కూడా కొంత మారుతుంది. మెరెట్రిక్స్‌లో మెరెట్రిక్స్‌నీ కాస్టానీ ఒక్క చిప్ప చూసి విడదీయాలనుకోవడం అత్యాశ. చిన్నాపెద్దా కలిపి పాతిక చిప్పలు పక్కపక్కన పేర్చుకుంటే అప్పుడు మాట్లాడవచ్చు. లేకపోతే "మెరెట్రిక్స్" అని ప్రజాతి దగ్గరే ఆగిపోవడం నయం.

కీలు పళ్లు అసలే లేకుండా, లోపల ఒకే కండరపు మచ్చ ఉంటే ఆల్చిప్పల వైపు వెళ్లాలి. జెట్టీ రాళ్ల మీద, వంతెన కాళ్ల మీద, పాయల్లో పెరిగే ఆల్చిప్పకు ఆ మచ్చ నల్లటి ఊదా రంగులో ఉంటే మగల్లానా బిలినియాటా. పాత భారతీయ వ్యాసాల్లో ఇదే క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అన్న పేరుతో ఉంటుంది. మచ్చకు ఆ ముదురు రంగు లేకుండా, లోపలి అంచు చుట్టూ ఆవగింజల్లాంటి బుడిపెలుంటే సాకోస్ట్రియా, అంటే రాతి ఆల్చిప్ప. ప్లాకునా గుర్తు వీటన్నిటికంటే తేలిక. అభ్రకం రేకంత పల్చన, వెలుతురు దాటుతుంది, కీలు దగ్గర తలకిందులైన వి ఆకారంలో రెండు గట్లు. గోవాలోని పాత ఇళ్ల కిటికీలకు గాజు బదులు బిగించింది ఈ చిప్పలనే. కాకినాడ వైపు చాలాకాలం సున్నం కాల్చడానికి వాడారు.

ఒక రోజు ఏరిన కుప్పలో ఎడమ చిప్పలే ఎక్కువ, కుడివి తక్కువ ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండిటి వంపు ఎదురెదురుగా ఉంటుంది కాబట్టి అలలు వాటిని వేరువేరుగా నెడతాయి. జత కోసం కొంచెం అవతల వెతకాలి.

చుట్టల గుల్లలు

చుట్టలు తిరిగిన గుల్లను కొన పైకి, నోరు తమ వైపుకు వచ్చేలా పట్టుకోవాలి. నోరు కుడి వైపుంటుంది. అన్నీ దాదాపు ఇంతే. తరవాత చూడాల్సింది నోటి కింది అంచు. గీత తెగకుండా గుండ్రంగా ఉందా, చిన్న నొక్కు ఉందా, గొట్టంలా సాగిందా? పొడవాటి మేకులాంటి గుల్లలు మూడు రకాలు కలగాపులగంగా దొరికినప్పుడు వాటిని విడదీసేది ఇదే. టర్రిటెల్లాకు నోరు గుండ్రం, నొక్కు లేదు. టెరెబ్రాకు అడుగున లోతైన నొక్కు. పూసల వరసలున్నది పిరెనెల్లా.

ముళ్లు, గడ్డలు ఉన్నవాటికి పక్కగట్లు లెక్కపెట్టాలి. గుల్ల పెరుగుదల ఆగినప్పుడల్లా పెదవి మందంగా కట్టిన గుర్తు అది. కొన వైపు నుంచి చూస్తే చుట్టుకు మూడు గట్లు సమాన దూరంలో కనిపిస్తే మ్యూరెక్స్. రెండే గట్లు ఎదురెదురుగా, కుడి ఎడమల ఒకే వరసలో కిందదాకా దిగితే బుఫొనారియా, అంటే కప్ప గుల్ల. ముళ్లు విరిగిపోయినా గట్ల లెక్క చెడదు. బాబిలోనియాలో చుట్టుకూ చుట్టుకూ మధ్య అతుకు దగ్గర లోతైన కాలవ ఉంటే స్పైరాటా, కాలవ లేకుండా భుజం జారుగా ఉంటే జెయ్‌లానికా. హార్బర్‌లో ఇవి అమ్మకానికి పోతాయి కాబట్టి ఒడ్డున ఎక్కువగా పగిలినవే దొరుకుతాయి. పగిలినా అతుకు మిగిలితే చాలు.

చంద్ర నత్తల్లో నాటికాకూ పొలినిసెస్‌కూ తేడా నోటి మూతలో ఉంది. నాటికాది రాయిలా గట్టి తెల్ల మూత, పొలినిసెస్‌ది గోధుమ రంగు పల్చటి గోరులాంటి మూత. గుల్ల పక్కనే ఇసుకలో మూత పడి ఉంటే దాన్నీ అదే సంచిలో వేసుకోవాలి. తరవాత వెతికితే దొరకదు. ఈ నత్తలు వేటాడేవి. ముక్కు దగ్గర గుండ్రటి రంధ్రం పడ్డ చిప్పలు ఒడ్డున బోలెడు. దండ కోసం ఎవరో తొలిచారనుకుంటారు కానీ, అది చంద్ర నత్త పని. స్క్రూ తల లోపల కూర్చోడానికి వడ్రంగి తొలిచిన గుంటలా పైన వెడల్పు, లోపలికి సన్నం. మ్యూరెక్స్ బంధువులు వేసిన రంధ్రం అయితే నిటారు గోడలతో దిగుతుంది. రంధ్రాన్ని లెన్సుతో చూస్తే తిన్నదెవరో కూడా తెలుస్తుంది. ఇసుకతో చేసిన తెగిన కాలర్ ముక్కలాంటిది కనబడితే చెత్త అనుకోవద్దు, అది ఈ నత్త గుడ్ల పట్టీ.

గుల్లలు కానివీ అదే వరసలో పడి ఉంటాయి. తెల్లటి తేలిక పలక కట్లఫిష్ ఎముక, పూల గుర్తున్న చదును బిళ్ల శాండ్ డాలర్. ఇవి పక్కన పెట్టేయవచ్చు.

ఏరడం, కడగడం, దాచడం

అమావాస్య, పౌర్ణమి చుట్టూ మూడు నాలుగు రోజులు, పాటు బాగా తీసిన గంటకు ముందు చేరుకోవాలి. కాకినాడలో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు మీటరున్నర లోపే. తేడా చిన్నదైనా, చదును బురద మీద నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి. బురద నేల మీద ఒంటరిగా దూరం పోకూడదు. పోటు ఎక్కేటప్పుడు వెనక పాయ ముందు నిండుతుంది. ప్రతి చోటుకూ వేరే జిప్ కవరు పెట్టి, అందులోనే పెన్సిల్‌తో రాసిన చీటీ వేయాలి. ఊరు, తేదీ, ఇసుకా బురదా మడా, బతికిన గుల్లా చచ్చినదా అన్నవి చాలు. బాల్ పెన్ను తడికి అలుక్కుపోతుంది. నోట్లో కాళ్లు ముడుచుకుని ఉంటే అది సన్యాసి పీత, వదిలేయాలి. ప్రాణమున్న శంకువు గుల్ల కోనస్ పొరపాటున కూడా చేత్తో పట్టుకోకూడదు, విషపు ముల్లు పొడుస్తుంది.

ఫొటోలు గుల్లకు కనీసం నాలుగు: నోటి వైపు, వీపు వైపు, కొన మీద నుంచి, అడుగు నుంచి. చిప్పలకు బయట, లోపల, కీలు దగ్గరగా. పక్కన స్కేలు ఉండాలి. చిప్ప పొడవు ముందు నుంచి వెనక్కి, ఎత్తు ముక్కు నుంచి అంచుకు కొలుస్తారు. చాలామంది ఈ రెండూ తారుమారు చేస్తారు. చుట్టల గుల్లకు కొన నుంచి కింది గొట్టం చివరి దాకా. పేరు తేలాక, సముద్ర జీవుల పేర్ల ఆన్‌లైన్ జాబితా వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్‌లో ఒకసారి సరిచూసుకోవాలి. పాత పుస్తకాల్లోని అనడారా గ్రనోసా ఇప్పుడు టెగిల్లార్కాకు మారినట్టు చాలా పేర్లు మారాయి.

కడగడం దగ్గరే ఎక్కువ గుల్లలు పాడవుతాయి. ఇత్తడి సామానుకు అలవాటైన చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వీటి దగ్గరికి రానివ్వకూడదు. గుల్ల అంతా కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగలగానే నురగ వచ్చి పై గీతలు కరిగిపోతాయి. మంచినీళ్లలో ఒక రోజు నానబెట్టి, మధ్యలో నీళ్లు రెండుసార్లు మార్చి, మెత్తటి టూత్ బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. బ్లీచింగ్ ద్రావణం పైనున్న తోలు పొరను తినేస్తుంది. ఆ పొరే చాలా జాతులకు గుర్తు, కాబట్టి పేరు తేలకముందు వాడకూడదు. నీడలో ఆరబెట్టాలి.

డెల్టా తేమలో చెక్క బీరువా, అట్టపెట్టె రెండూ గుల్లలకు శత్రువులే. చెక్క నుంచి, అట్ట నుంచి మెల్లగా వెలువడే ఆమ్లపు ఆవిరి తేమతో కలిసి గుల్ల మీద తెల్లటి బూజులాంటి లవణాన్ని పుట్టిస్తుంది. దీన్ని బైన్ జబ్బు అంటారు. బూజు కాదు కాబట్టి ఎండలో పెడితే పోదు, గుల్లే తరిగిపోతుంది. ఉప్పు పూర్తిగా పోయేలా కడిగి, ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచాలి.

కొన్న గుల్లలు, ఏరకూడని గుల్లలు

అంతర్వేది తీర్థంలో అమ్మే గుల్లలను అంతర్వేది గుల్లలుగా లెక్కించకూడదు. ఆటలకు వాడే చిన్న పసుపు గవ్వ మొనెటారియా మొనెటా మాల్దీవులు, లక్షద్వీప్ లాంటి పగడపు దీవులది. పూజ శంఖం టర్బినెల్లా పైరమ్‌కు పేరున్న చోటు మన్నారు సింధుశాఖ. దక్షిణావర్తం పేరిట అమ్మేవాటిని మరీ జాగ్రత్తగా చూడాలి. కొన పైకి పట్టుకుంటే దాని నోరు ఎడమకు రావాలి. టర్బినెల్లాలో అలాంటిది చాలా అరుదు. అమెరికా తీరపు లైట్నింగ్ వెల్క్ గుల్లకు మాత్రం పుట్టుకతోనే ఎడమ నోరు, దాన్నే ఎక్కువగా అంటగడతారు. నోట్లోకి వేలు పెట్టి నడిమి ఇరుసును తడిమితే తేలిపోతుంది. టర్బినెల్లా ఇరుసు మీద మూడు నాలుగు గట్టి మడతలు అడ్డంగా తగులుతాయి. వెల్క్‌కు అలాంటి వరస ఉండదు.

ఏరేవాటిలో చట్టం కాపాడేవి కూడా ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి 2001లో కొన్ని గుల్లలను చేర్చారు, ప్లాకునా ప్లాసెంటా వాటిలో ఒకటి. 2022 సవరణతో షెడ్యూళ్ల సంఖ్య, వరస మారాయి కాబట్టి పాత వ్యాసాల్లోని షెడ్యూలు అంకె చూసి నిర్ణయించుకోకూడదు. కోరింగ అభయారణ్యం హద్దుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఖాళీ గుల్ల కూడా తీయకూడదు. హోప్ ఐలాండ్ ఇసుకలో శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి ఆ నెలల్లో పోటు గీతకు పైన ఉన్న మెత్తటి ఇసుకను తవ్వకూడదు. ప్లాకునా కనబడితే కీలు గట్లు కనిపించేలా స్కేలుతో ఫొటో తీసి, చోటు రాసుకుని, చిప్పను ఉన్న చోటే వదిలేయాలి. గుర్తింపుకు ఆ ఫొటో చాలు.